ఒక్క ‘కష్టం’, ఇంగ్లీషులో ఎన్ని మాటలు? – 7వ పాఠం

పోయిన పాఠం చివర ఒక వాక్యం ఇచ్చి ఇంగ్లీషులో చెప్పి చూడమన్నాను. ‘మా నాన్న కష్టపడి నన్ను చదివించాడు.’ మామూలు వాక్యమే. ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పమంటే చాలామంది నోటికి మొదట వచ్చేది ఇదే. కానీ ఇంగ్లీషులో చెప్పబోతే రెండు చోట్ల ఇరుక్కుంటుంది, ‘కష్టపడి’ దగ్గర ఒకసారి, ‘చదివించాడు’ దగ్గర ఇంకోసారి. ‘మై ఫాదర్ సఫర్డ్ అండ్ స్టడీడ్ మీ’ అని రాసినవాళ్లు ఉంటే సిగ్గుపడకండి, నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. విన్నవాళ్లకు మాత్రం నాన్నగారు ఏదో బాధ అనుభవించారు, ఆ తర్వాత భూతద్దం తీసుకుని కొడుకుని పరిశీలించారు అని అర్థమవుతుంది.

మనకి చదవడం ఉంది, చదివించడం ఉంది. తినడం, తినిపించడం లాగా. ఇంగ్లీషు క్రియలకి ఈ సౌకర్యం లేదు. ‘మేడ్ మీ స్టడీ’ అనొచ్చు కదా అంటారేమో, అది బలవంతంగా కూర్చోబెట్టి చదివించడం, బెత్తం గుర్తొస్తుంది. ఖర్చు భరించి, చివరిదాకా నిలబడి చదివించడానికి వాళ్ల మాట ‘పుట్ త్రూ’. ‘మై ఫాదర్ వర్క్‌డ్ హార్డ్ టు పుట్ మీ త్రూ కాలేజ్.’ ఈ ‘త్రూ’లోనే ఉంది అంతా. ఈ కొసన లోపలికి పంపి ఆ కొసన బయటికి తీసుకురావడం, మధ్యలో ఫీజులూ పరీక్షలూ అన్నీ దాటించడం.

ఈ పాఠం మొత్తం ఇదే గొడవ. మాటకి అర్థం తెలుసుకోవడం పెద్ద పనేం కాదు, ఫోన్‌లో కొడితే వస్తుంది. కానీ మన ఒక్క మాట ఇంగ్లీషులోకి వెళ్లేసరికి నాలుగైదుగా చీలిపోతుంది, చీలిన ప్రతి మాటకీ వెనక ఒక తోక ఉంటుంది, ఒకదానికి ‘టు’, ఒకదానికి ‘ఆఫ్’, ఇంకోదానికి అసలు తోకే ఉండదు. మాటని తోకతో సహా పట్టుకోవాలి. అందుకే ఈసారి పెద్ద జాబితా ఇవ్వను. చదువు, తేడా, కష్టం, మూడే మూడు తెలుగు మాటలు. వీటిని చీల్చి చూద్దాం.

చదువుతో మొదలుపెడదాం, ఇది కాస్త తేలిక. పేపర్ చదవడం ‘రీడ్’. పరీక్షకి చదవడం ‘స్టడీ’. బడికి వెళ్లి చదువుకున్న కాలం ‘స్కూలింగ్’. మొత్తంగా మనిషికి అబ్బిన చదువు ‘ఎడ్యుకేషన్’. చదవడం రాయడం రావడం ‘లిటరసీ’. ‘మై సన్ ఈజ్ రీడింగ్ టెన్త్ క్లాస్’ అంటే పదో తరగతి అనే కాగితాన్ని చదువుతున్నట్టు ఉంటుంది, ‘ఈజ్ ఇన్ టెన్త్ క్లాస్’ అంటే సరిపోతుంది. చదువు మధ్యలో మానేస్తే ‘డ్రాప్డ్ అవుట్ ఆఫ్ స్కూల్’. ఇక్కడ ‘ఫ్రమ్’ కాదు, ‘ఆఫ్’. చదువు పూర్తయితే మనం ‘పాస్డ్ అవుట్’ అంటాం, మన దేశంలో ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఒక బ్రిటిష్ మనిషితోనో అమెరికన్‌తోనో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2015’ అంటే, 2015లో స్పృహ తప్పి పడిపోయారని అనుకుంటారు. డిగ్రీ పూర్తయితే ‘గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్’, బడి పూర్తయితే ‘ఫినిష్డ్ స్కూల్’, వీటితో ఏ దేశంలోనూ ఇబ్బంది లేదు.

మాటల పుట్టుక మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక చిన్న సంగతి. ‘స్కూల్’ అనే మాట మూలం గ్రీకు భాషలో ఉంది, అక్కడ దాని మొదటి అర్థం తీరిక. పని చేయాల్సిన అవసరం లేని సమయం ఎవరికుందో వాళ్లు కూర్చుని చర్చించుకునేవాళ్లు, ఆ తీరికే తర్వాత చర్చకి, చర్చ జరిగే చోటుకి పేరైంది. బడికి వెళ్లాల్సిన వయసులో పనికి వెళ్లే పిల్లలకి లేనిది కూడా సరిగ్గా ఈ తీరికే.

ఇక తేడా. ఇక్కడ నెమ్మదిగా వెళ్లాలి.

రెండు వస్తువుల మధ్య తేడా ‘డిఫరెన్స్’. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండి మధ్యలో ఖాళీ కనిపిస్తే ‘గ్యాప్’, ‘ద గ్యాప్ బిట్వీన్ ద రిచ్ అండ్ ద పూర్’. ఆ ఖాళీ సమాజంలో పాతుకుపోయి ఉంటే ‘ఇన్‌ఈక్వాలిటీ’. ఎవరో కావాలని తేడా చూపిస్తే ‘డిస్క్రిమినేషన్’. ఈ చివరిదాని క్రియకి తోక ‘అగైన్‌స్ట్’, ‘దే డిస్క్రిమినేటెడ్ అగైన్‌స్ట్ హర్’. ఈ ‘అగైన్‌స్ట్’ వదిలేసేవాళ్లు చాలామంది. ‘వివక్ష చూపారు’ అనేటప్పుడు మనకి ఆమె ‘మీద’ అనే మాట గుర్తుంటుంది కానీ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి అది జారిపోతుంది.

ఇందాకటి ‘ద పూర్’ గమనించారా? ముందు ‘ద’ పెడితే పేదవాళ్లందరూ అని అర్థం, దానికి మళ్లీ ‘ఎస్’ తగిలించి ‘పూర్స్’ అనకూడదు. ‘ద పూర్ ఆర్’ అంటారు, ‘ద పూర్ ఈజ్’ కాదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ‘హి వాజ్ ఎ పూర్ స్టూడెంట్’ అంటే డబ్బు లేనివాడని చెప్పాలని మన ఉద్దేశం, వినేవాళ్లు చదువులో వెనకబడ్డవాడనుకోవచ్చు, లేదా పాపం అంటున్నామనుకోవచ్చు. డబ్బు గురించే చెప్పాలంటే ‘ఫ్రమ్ ఎ పూర్ ఫ్యామిలీ’ అనండి, రాతలో అయితే ‘ఫ్రమ్ ఎ లో-ఇన్‌కమ్ ఫ్యామిలీ’. ‘అండర్‌ప్రివిలేజ్డ్’ అనే మాట వ్యాసాల్లో తెగ కనిపిస్తుంది. నాకు పెద్దగా నచ్చదు, ఫీజు కట్టలేకపోయాడు అనాల్సిన చోట దాన్ని పెట్టేస్తే వాక్యం మర్యాదగా ఉంటుంది కానీ ఎవరికి ఏమి లేదో తెలియదు. ఏమి లేదో తెలిస్తే అదే రాయండి. ‘దే లాక్ బుక్స్’, ‘దే లాక్ ఎలక్ట్రిసిటీ’. క్రియగా వాడినప్పుడు ‘లాక్’కి తోక లేదు, నామవాచకం అయితే ‘ఎ లాక్ ఆఫ్ బుక్స్’. ‘దే లాక్ ఆఫ్ బుక్స్’ తప్పు. ‘యాక్సెస్’ కూడా ఈ కోవలోదే, ‘దే హ్యావ్ నో యాక్సెస్ టు ఎ లైబ్రరీ’ అని నామవాచకానికి ‘టు’ కావాలి, ‘దే కెనాట్ యాక్సెస్ ఎ లైబ్రరీ’లో అక్కర్లేదు. ‘రైట్’కి కూడా తోక ‘టు’నే. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో 26వ అధికరణం ఇలా మొదలవుతుంది: ‘ఎవ్రీవన్ హాజ్ ద రైట్ టు ఎడ్యుకేషన్.’ ఆరు మాటల వాక్యం, బట్టీ పట్టేయండి, తోక ఇక మర్చిపోరు.

‘ఈక్వాలిటీ’, ‘ఈక్విటీ’ ఒకటేనా అని తరచూ అడుగుతుంటారు. ఒకటి కాదు. పరీక్ష అందరికీ మూడు గంటలు అంటే ఈక్వాలిటీ. చూపు లేని విద్యార్థికి రాసిపెట్టే మనిషిని ఇచ్చి, ఇంకొంత సమయం కూడా కలిపితే ఈక్విటీ. కొలత ఒకటే ఉండటం మొదటిది, న్యాయం జరిగేలా కొలత మార్చడం రెండోది. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నాలుగోది చదువు గురించి, అందులో ‘ఇన్‌క్లూజివ్ అండ్ ఈక్విటబుల్ క్వాలిటీ ఎడ్యుకేషన్’ అని ఉంటుంది. అక్కడ ‘ఈక్వల్’ అనకుండా ‘ఈక్విటబుల్’ అన్నారంటే కారణం ఇదే.

‘మెరిటోక్రసీ’ అని ఇంకో మాట ఉంది, ప్రతిభ ఉన్నవాడికే పదవి, ప్రతిభ ఉన్నవాడికే సీటు అనే పద్ధతి. వినడానికి బాగుంటుంది కాబట్టి గ్రూప్ డిస్కషన్‌లో మెచ్చుకోలుగా వాడేస్తుంటారు. కానీ 1958లో దీన్ని ప్రచారంలోకి తెచ్చిన బ్రిటిష్ సామాజికవేత్త మైఖేల్ యంగ్ దీన్ని వెక్కిరింపుగా రాశాడు. అవతల కూర్చున్నవాళ్లకి ఆ సంగతి తెలిసి ఉండొచ్చు, కాస్త చూసుకుని వాడండి.

ఇప్పుడు అసలు మాట, కష్టం.

తెలుగులో ‘కష్టపడ్డాడు’ అంటే బాగా పనిచేశాడనీ, బాధలు పడ్డాడనీ రెండూ. మనకి ఆ రెండూ విడివిడిగా ఉండవు కాబట్టి భాషా విడదీయలేదు. ఇంగ్లీషు విడదీసింది. పని వైపు కష్టం ‘హార్డ్ వర్క్’. లెక్క కష్టంగా ఉంటే ‘డిఫికల్ట్’. తిండికీ ఫీజుకీ ఇబ్బంది పడే రోజులు ‘హార్డ్‌షిప్’. గట్టెక్కడానికి గింజుకోవడం ‘స్ట్రగుల్’. ‘అడ్వర్సిటీ’ కూడా కష్టకాలమే కానీ రాతలో వాడే బరువైన మాట, మాట్లాడేటప్పుడు వాడితే ఉపన్యాసంలా ఉంటుంది. ‘సఫర్’ని మాత్రం అన్నిచోట్లా పెట్టకండి, దానిలో జబ్బు వాసన, నొప్పి వాసన ఉంటుంది. ‘షి సఫర్డ్ ఫ్రమ్ ఆస్థమా’ సరే. ‘ఐ సఫర్డ్ అండ్ పాస్డ్ ద ఎగ్జామ్’ అంటే హాల్లో కడుపునొప్పి వచ్చిందా అనిపిస్తుంది.

‘స్ట్రగుల్’ వెనక పని వస్తే ‘టు’, వస్తువు వస్తే ‘విత్’. ‘దే స్ట్రగుల్డ్ టు పే ద ఫీజ్’, ‘హి స్ట్రగుల్డ్ విత్ మ్యాథ్స్’. నెల గడవడం కష్టంగా ఉంటే ‘దే స్ట్రగుల్డ్ టు మేక్ ఎండ్స్ మీట్’. మనం చాలీచాలని దుప్పటిని ఇటు లాగితే అటు చాలదు అనుకుంటాం కదా, వాళ్లు రెండు కొసలు కలపలేకపోయాం అనుకుంటారు. ‘అఫోర్డ్’ ముందు దాదాపు ఎప్పుడూ ‘కెన్’ లేదా ‘కుడ్’ ఉంటుంది, ‘దే కుడ్ నాట్ అఫోర్డ్ ద ఫీజ్’.

‘హార్డ్’ దగ్గర నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మొదటి ఇంటర్వ్యూ, కొత్త చొక్కా, అరచేతులు చెమటలు, విపరీతమైన టెన్షన్. క్రియ గురించి చెప్పేటప్పుడు చివర ‘లీ’ తగిలించాలని ఎక్కడో చదివాను, ‘క్విక్‌లీ’, ‘స్లోలీ’ లాగా. ఆ తెలివితో ‘సర్, ఐ స్టడీడ్ హార్డ్లీ ఫర్ మై డిగ్రీ’ అన్నాను, గర్వంగా. ఎదురుగా ఉన్న ముగ్గురిలో మధ్యాయన పెన్ను కింద పెట్టి ‘దెన్ హౌ డిడ్ యు పాస్?’ అన్నాడు. పక్కనున్నావిడ ఫైల్‌లోకి తల దించుకుంది, భుజాలు కదులుతున్నాయి. నాకు అర్థం కాక ఇంకోసారి, ఇంకా గట్టిగా అదే మాట అన్నాను. ఇంటికొచ్చి డిక్షనరీ తీస్తే తెలిసింది, ‘హార్డ్’ అంటే కష్టపడి, ‘హార్డ్లీ’ అంటే దాదాపు లేనట్టే. డిగ్రీకి నేను చదివిందే లేదని రెండుసార్లు ఒప్పుకుని వచ్చానన్నమాట.

కష్టం దాటడానికి ‘ఓవర్‌కమ్’. కష్టాల నుంచి బయటపడ్డాడు అంటాం కాబట్టి ఆ ‘నుంచి’ మనల్ని లాగి ‘హి ఓవర్‌కేమ్ ఫ్రమ్ హిజ్ ప్రాబ్లమ్స్’ అనిపిస్తుంది. దీనికి తోక లేదు. ‘హి ఓవర్‌కేమ్ మెనీ ఆబ్‌స్టకిల్స్’, అంతే. వెనక ‘బై’ వస్తే కథే తిరగబడుతుంది, ‘హి వాజ్ ఓవర్‌కమ్ బై గ్రీఫ్’ అంటే దుఃఖాన్ని ఆయన జయించలేదు, దుఃఖమే ఆయన్ని ముంచేసింది. ‘డిస్పైట్’కి కూడా తోక లేదు, ‘డిస్పైట్ హార్డ్‌షిప్’ అనాలి. ‘ఆఫ్’ కావాలనిపిస్తే ‘ఇన్ స్పైట్ ఆఫ్’ వాడుకోండి.

ఇప్పుడు ఇవన్నీ ఒకచోట చూద్దాం. రెండుసార్లు పైకి చదవండి.

‘ఫ్రెడరిక్ డగ్లస్ వాజ్ బోర్న్ ఇన్‌టు స్లేవరీ. హి వాజ్ డిప్రైవ్డ్ ఆఫ్ స్కూలింగ్, బట్ హి వాజ్ డిటర్మిన్డ్ టు లెర్న్. హి గేవ్ బ్రెడ్ టు పూర్ బాయ్స్ ఇన్ ద స్ట్రీట్, అండ్ ఇన్ రిటర్న్ దే హెల్ప్‌డ్ హిమ్ టు రీడ్. హి ఎస్కేప్డ్ ఇన్ 1838 అండ్ వెంట్ ఆన్ టు బికమ్ ఎ ఫేమస్ రైటర్ అండ్ స్పీకర్.’

‘బోర్న్ ఇన్‌టు’ చూడండి. ఊళ్లో పుడితే ‘ఇన్’, పేదరికంలోకో బానిసత్వంలోకో పుడితే ‘ఇన్‌టు’, ఆ స్థితి ముందే అక్కడ కాచుకుని ఉంది, బిడ్డ అందులో పడ్డాడు. ‘డిప్రైవ్డ్’కి ‘ఆఫ్’, ‘డిటర్మిన్డ్’కి ‘టు’. ‘వెంట్ ఆన్ టు బికమ్’లో ఎక్కడికీ వెళ్లడం లేదు, ఆ తర్వాత కాలంలో అలా అయ్యాడని. జీవిత చరిత్ర చెప్పేటప్పుడు ఇంతకంటే పనికొచ్చే మాట దొరకదు.

ఈయన కథలో నన్ను పట్టుకున్నది వేరే ఉంది. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో, యజమానురాలు పిల్లవాడిగా ఉన్న డగ్లస్‌కి అక్షరాలు నేర్పడం మొదలుపెడితే ఆమె భర్త ఆపేయించాడు. అప్పటి నుంచి పిల్లవాడు, పనిమీద తనని బయటికి పంపినప్పుడల్లా, పుస్తకం ఒకటి, ఇంట్లోంచి రొట్టె ఒకటి వెంట పెట్టుకునేవాడు. రొట్టె విషయంలో వీధిలోని చాలామంది పేద తెల్ల పిల్లల కంటే తన పరిస్థితే నయమని ఆయనే 1845లో తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆకలి వాళ్లది, అక్షరం లేనిది ఇతనికి. అయినా వాళ్లు స్వేచ్ఛగా ఉన్నారు, ఇతను ఒకరి ఆస్తి. ‘పావర్టీ’, ‘ఇన్‌ఈక్వాలిటీ’ రెండూ ఒకటే అన్నట్టు మార్చి మార్చి రాసేవాళ్లు ఆ వీధిని ఒకసారి ఊహించుకుంటే చాలు. ఆ పిల్లలది పావర్టీ. ఆ పిల్లలకీ ఇతనికీ మధ్య ఉన్నది ఇన్‌ఈక్వాలిటీ.

వచ్చే పాఠానికి నాలుగు వాక్యాలు. నోటితో చెప్పాకే రాయండి, రాస్తూ ఆలోచిస్తే తెలుగు తోకలు వచ్చేస్తాయి.

ఆమె పేదరికంలో పుట్టింది. ఫీజు కట్టలేక బడి మానేసింది. పెద్దయ్యాక కష్టపడి పనిచేసి చెల్లెల్ని చదివించింది. ఆ చెల్లెలు తర్వాత డాక్టర్ అయింది.

నాలుగోదానిలో ‘ఆఫ్టర్’ వాడకుండా ప్రయత్నించండి.