కామకురా బీచ్‌లో తినేముందు పైకి చూడండి

టోక్యోలో ఉండే మనవాళ్లు వేసవి వీకెండ్ అనగానే యొకొసుకా లైన్ రైలెక్కి కామకురా వెళ్తారు. గంట ప్రయాణం, స్టేషన్ నుంచి యుయిగహామా బీచ్‌కి నడిచిపోవచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: అక్కడి గద్దలు. జపనీస్‌లో ‘తొంబి’ అంటారు. కోడిపిల్లను తన్నుకుపోయినట్టు చేతిలోని ఒనిగిరిని (జపాన్ అన్నం ముద్దను) ఎత్తుకుపోతాయి. చాలాసార్లు వెనకనుంచే వస్తాయి, చప్పుడు కూడా వినపడదు. గోళ్లు గీరుకుంటే రక్తం వస్తుంది, అందుకే పిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

మా స్నేహితులం పాటించే పద్ధతి ఇది. ఇసుకలో నడుస్తూ ఏమీ తినం. గొడుగు కిందో, గోడకు వీపు ఆనించో కూర్చుంటాం. డబ్బా మూత తెరిచి పక్కన పెట్టం, కావలసినంత తీసుకుని వెంటనే మూసేస్తాం. గద్దలు పైన తిరుగుతుంటే తిండి సంచిలోకే. వాటికి మాత్రం ఎప్పుడూ ఏమీ వేయకండి, అలవాటు పడితే మనుషుల మీదికే వస్తాయి.

ఇంకొకటి. ఒడ్డున ఎవరైనా ఎరుపు తెలుపు గళ్ల జెండా ఊపితే అది సునామీ హెచ్చరిక. 2020 నుంచి వాడుతున్నారు. సామాన్లు వదిలేసి వెంటనే ఎత్తైన చోటికి వెళ్లిపోండి.