బ్రౌజర్ నేర్చుకుందాం – 4వ పాఠం: చెప్పుల స్టాండు టోకెన్లు

పోయిన పాఠంలో హిస్టరీ చెరపడం నేర్చుకున్నాం. అభ్యాసం చేసినవాళ్లకు ఒక అనుమానం వచ్చే ఉంటుంది. హిస్టరీ మొత్తం తుడిచేశాం కదా, ఎప్పుడో ఒకసారి వెతికిన మిక్సీ ప్రకటన ఇంకా ఎందుకు వెంటపడుతోంది? హిస్టరీ అన్నది మీరు చూసిన సైట్ల గురించి మీకోసం మీ బ్రౌజర్ రాసిపెట్టే జాబితా. ప్రకటనల కంపెనీ లెక్క అందులో ఉండదు. దానికి వేరే ఖాతా ఉంది. ఈ పాఠం అయ్యేసరికి ఆ ఖాతా నంబరు, అంటే కుకీ, మీ బ్రౌజర్‌లో ఎక్కడ దాగుందో మీరే తెరిచి చూస్తారు. టెన్షన్ పడాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

గుడికి వెళ్తే చెప్పులు స్టాండులో ఇచ్చి టోకెన్ తీసుకుంటాం. దానిమీద 214 అన్న అంకె తప్ప మీ పేరు గానీ ఊరు గానీ ఉండవు. చెప్పులు అరలో, నంబరు మన జేబులో. కుకీ కూడా అలాంటిదే. సైటు మన బ్రౌజర్‌కి ఇచ్చే చిన్న టెక్స్టు ముక్క, మహా అయితే 4 కేబీ. మళ్లీ ఆ సైటుకి వెళ్లినప్పుడు బ్రౌజర్ దాన్ని చూపిస్తుంది, సైటు మనల్ని గుర్తుపడుతుంది. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లీ దీన్ని తయారుచేశాడు. ఆన్‌లైన్ దుకాణంలో బుట్టలో వేసుకున్న వస్తువు పేజీ మారేసరికి మాయం కాకూడదన్నది అప్పటి అవసరం. ఇది లేకపోతే రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు పేజీ పేజీకీ లాగిన్ అవుతూ కూర్చోవాలి. కుకీ ప్రోగ్రామ్ కాదు, తనంతట తాను నడవలేదు. కాబట్టి అది వైరస్ అన్న భయం ఇక్కడే వదిలేయండి.

ఇప్పుడు ఒక్కసారి ఇలా అనుకోండి. అన్నవరం, సింహాచలం, ద్వారకా తిరుమల, యాదగిరిగుట్ట, అన్నిచోట్లా చెప్పుల స్టాండు ఒకే కాంట్రాక్టరుకి దక్కింది. అతను గుడికో కొత్త టోకెన్ ఇవ్వడు. అన్నవరంలో ఇచ్చిన 214నే అన్నిచోట్లా చూపించమంటాడు. ఏ గుడివాళ్లకీ మీ మిగతా యాత్ర సంగతి తెలీదు. కాంట్రాక్టరుకి మాత్రం 214 కార్తీకమాసమంతా ఎక్కడెక్కడ తిరిగాడో, ఎక్కడ ఎంతసేపు ఉన్నాడో తెలుసు, పేరు తెలియకపోయినా సరే. థర్డ్ పార్టీ కుకీ అంటే ఇదే. వార్తల సైటులో ప్రకటన పెట్టే జాగా వేరే కంపెనీ చేతిలో ఉంటుంది. ప్రకటన తెచ్చి పెడుతూ ఆ కంపెనీ తన టోకెన్ కూడా మన జేబులో పడేస్తుంది. ఈ వ్యాపారంలో పేరుమోసిన డబుల్‌క్లిక్‌ని గూగుల్ 2008లో 310 కోట్ల డాలర్లకు సొంతం చేసుకుంది. ఈ టోకెన్లకు అంత విలువ ఉంది మరి.

ఇక చేతికి పని. కంప్యూటర్‌లో క్రోమ్ తెరవండి. ఇన్‌కాగ్నిటో (హిస్టరీ దాచుకోని విండో) వద్దు, అందులో థర్డ్ పార్టీ కుకీలను క్రోమే ఆపేస్తుంది. మీరు రోజూ చదివే వార్తల సైటుకి వెళ్లి ఎఫ్12 నొక్కండి. ఇంజనీర్ల వ్యవహారంలా ఒక ప్యానెల్ తెరుచుకుంటుంది. కంగారు పడకండి, చూసినంత మాత్రాన ఏదీ పాడవదు. పై వరసలో 'అప్లికేషన్' నొక్కండి (కనిపించకపోతే అక్కడున్న రెండు బాణాల గుర్తు నొక్కితే వస్తుంది). ఎడమవైపు 'కుకీస్' కింద సైటు పేరు ఎంచుకోండి. పెద్ద పట్టిక వస్తుంది. అందులో 'డొమైన్' (సైటు చిరునామా) అన్న నిలువు వరస ఒక్కటే చదవండి. మీరు తెరిచిన సైటు పేరు కాకుండా వేరే పేర్లున్నాయా? అవన్నీ కాంట్రాక్టర్లే. డబుల్‌క్లిక్ పేరు పక్కన 'ఐడీఈ' అనే కుకీ చాలామందికి కనిపిస్తుంది. 'వేల్యూ' వరసలో ఉన్న గజిబిజి అక్షరాలే మీ 214. పక్కనే అది ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీ కూడా ఉంటుంది.

ముందు చిన్న అడ్డగీత, ఆ వెంటనే 'జీఏ' ఉన్న పేరు కనబడితే అది గూగుల్ అనలిటిక్స్ వాళ్లది, సైటుకి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టేది. మామూలుగా అది ఆ సైటు పేరు మీదే ఉంటుంది, సైటు మారితే నంబరూ మారుతుంది. నేనైతే దాన్ని పట్టించుకోను.

మరి భయపడాలా? మా అమ్మకోసం ఒకసారి మోకాలి బెల్టు వెతికాను. ఆ సాయంత్రమే కొనేశాను. అయినా నెల రోజులు నాకు మోకాలి నూనెలు, మోకాలి ఆపరేషన్లు చూపిస్తూనే ఉన్నారు. నొప్పి ఎవరిదో తెలీదు, బెల్టు కొన్న సంగతీ తెలీదు. జనం అనుకున్నంత తెలివి ఈ ఏర్పాటుకి లేదు. మీ బ్యాంకు పాస్‌వర్డ్ చదవడం ప్రకటనల కుకీ వల్ల కాదు కూడా. నాకు నచ్చనిది వేరే ఉంది. జబ్బు గురించి చదివింది, అప్పు కోసం వెతికింది, సంబంధాల కోసం చూసింది, అన్నీ ఒకే నంబరు కింద ఒకచోట పోగుపడటం. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్ అయితే ఆ పోగు ప్రకటనల రూపంలో అందరి కళ్లకూ కనబడుతుంది. దీనికి నిద్ర మానుకోనక్కర్లేదు గానీ, రెండు నిమిషాలు పెట్టి ఆపేయాలి.

ఐఫోన్ సఫారీ వాడేవాళ్లకు పనే లేదు, 2020 నుంచి అది థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ కంప్యూటర్ వెర్షన్ 2022 నుంచి ఏ గుడి టోకెన్ ఆ గుడి సంచిలోనే వేసి దాస్తోంది. గూగుల్ వాళ్ల క్రోమ్ కూడా రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో చెప్పింది. వాయిదాల మీద వాయిదాలు వేసి 2024 జులైలో ఆ ఆలోచనే మానుకుంది. ప్రకటనలమ్ముకునే కంపెనీ బ్రౌజర్ కదా! అందుకని మనమే నొక్కాలి: సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, థర్డ్ పార్టీ కుకీస్, బ్లాక్. ఫోన్‌లో అయితే ఇది సైట్ సెట్టింగ్స్ కింద ఉండొచ్చు. ఎప్పుడైనా ఏదైనా సైటులో లాగిన్ మొరాయిస్తే ఆ ఒక్క సైటుకి అనుమతి ఇవ్వండి.

ఉత్సాహం కొద్దీ కుకీలన్నీ ఒకేసారి చెరిపేయకండి. అన్ని సైట్లూ మిమ్మల్ని బయటికి పంపేస్తాయి, సగం రోజు ఓటీపీలతోనే గడిచిపోతుంది.

అభ్యాసం: మూడు సైట్లు తెరవండి, ఒకటి వార్తలది, ఒకటి వంటలది, ఒకటి బట్టల దుకాణానిది. బ్లాక్ నొక్కకముందు మూడింటి 'డొమైన్' వరసలూ కాగితం మీద రాసుకుని, మూడింటిలోనూ ఉన్న పేరు కింద గీత గీయండి. తర్వాత బ్లాక్ పెట్టి, అవే పేజీలు మళ్లీ తెరిచి పోల్చండి. ఈ సెట్టింగ్ బ్రౌజర్ వరకే పనిచేస్తుంది. ఫోన్‌లోని యాప్‌లకు కుకీలతో పనిలేదు, వాటి దగ్గర మీకు ఇంకో నంబరు ఉంది. దాన్ని ఆండ్రాయిడ్‌లో ఎక్కడ చెరపాలో 5వ పాఠంలో.