గుర్రాల గుంపులోకి కొత్త గుర్రాన్ని ఎలా చేర్చాలి?

కొత్త గుర్రాన్ని నేరుగా గుంపులోకి వదిలేసి, అవే సర్దుకుంటాయిలే అని వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. చాలాసార్లు సర్దుకుంటాయి కూడా. కానీ ఈలోగా ఒక్క తాపు కాలి ఎముకకు గట్టిగా తగిలితే ఆ గుర్రం మళ్లీ లేవకపోవచ్చు. గుర్రాలు తన్నుకునేది ఎక్కువగా మేత చాలనప్పుడు, నీళ్ల దగ్గర ఇరుకైనప్పుడు, తప్పుకునే దారి దొరకనప్పుడు. అందుకే సగం పని అవి కలవకముందే, స్థలం దగ్గర పూర్తి కావాలి.

1. ముందు రెండు మూడు వారాలు వేరుగా ఉంచండి

గొంతు కింద గడ్డలు కట్టే స్ట్రాంగిల్స్ అనే అంటుజబ్బు బయటపడటానికి 3 నుంచి 14 రోజులు పడుతుంది. రోజూ ఉదయం, సాయంత్రం జ్వరం చూడండి. పెద్ద గుర్రానికి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మామూలు. ముక్కు కారుతోందా, దవడ కింద వాచిందా అని గమనించండి. బకెట్లు, బ్రష్‌లు దానివి దానికే. అయితే వేరుగా అంటే ఒంటరిగా అని కాదు. దూరంగానైనా మరో గుర్రం కంటికి కనిపించాలి. తోడు లేని గుర్రం లాయంలో గిరగిరా తిరుగుతుంది, తలుపు దగ్గర నిలబడి తల అటూ ఇటూ ఊపుతుంది. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే మాన్పించడం కష్టం.

2. స్థలంలో మూలలు లేకుండా చూడండి

ముళ్లకంచె ఉంటే ముందు అది తీసేయండి. కంచె మూలలకు అడ్డంగా వాసాలు కట్టి గుండ్రంగా మలచండి. తరుముతున్నప్పుడు చిన్న గుర్రం ఇరుక్కునేది మూలలోనే. ఒకే ఇరుకు ద్వారం ఉన్న పాక నీడ కాదు, ఉచ్చు. గడుసు గుర్రం ద్వారంలో నిలబడితే లోపలిది బయటికి రాలేదు, బయటిది లోపలికి పోలేదు. ఒక పక్కంతా తెరిచి ఉంచండి, లేదా రెండు ద్వారాలు పెట్టండి. నీళ్ల తొట్లూ రెండు ఉండాలి, ఒకదానికొకటి దూరంగా.

3. కంచెకు అటూ ఇటూ పరిచయం

మొదటి కొన్ని రోజులు మధ్యలో రెండు మూడు మీటర్ల ఖాళీ వదిలి రెండు కంచెలు ఉంచండి. ఆ తర్వాత గట్టి కర్ర కంచెకు అటొకటి ఇటొకటి తీసుకురండి. తీగ కంచె దగ్గర ఈ పని వద్దు. ఎందుకంటే జరిగేది ఇది: ముక్కూ ముక్కూ ఆనిస్తాయి, బుసబుసమంటూ ఒకదాని ఊపిరి ఒకటి వాసన చూస్తాయి, ఉన్నట్టుండి ఒకటి కీచుమని అరిచి ముంగాలు విసురుతుంది. ఆ కాలు తీగల్లో చిక్కితే చర్మం ఊడి వస్తుంది. అరుపు మాత్రం మామూలే, కంగారు పడొద్దు. అరుపులు తగ్గి రెండూ కంచెకు దగ్గరగా తలలు దించి మేస్తుంటే తర్వాతి అడుగు వేయొచ్చు.

4. ఒక్క తోడుతో మొదలు

గుంపులో అన్నిటికంటే నెమ్మదైన గుర్రాన్ని ఎంచుకోండి. పెత్తనం చేసేదాన్ని చివరికి ఉంచండి. వెనక కాళ్ల నాడాలు ఊడదీయించండి. అదే తాపు నాడాతో తగిలితే దెబ్బ చాలా పెద్దదవుతుంది. నేల పొడిగా ఉన్న రోజున, రెండూ కడుపునిండా మేశాక, కొత్తదాన్ని ముందు ఒంటరిగా తిప్పి కంచె ఎక్కడుందో తెలియనివ్వండి. తర్వాతే తోడును వదలండి.

చెవులు వెనక్కి వంచడం, తోక ఝాడించడం, కాస్త తరమడం వాటి మాటలు. కొత్తది తప్పుకున్నా వదలకుండా తరుముతుంటే, మూలకు నెట్టి రెండు వెనక కాళ్లతో పదేపదే తంతుంటే విడదీయండి. ఏది ఏమైనా మీరు వాటి మధ్యలోకి వెళ్లొద్దు. దాణా బకెట్ పట్టుకుని అసలే వెళ్లొద్దు.

5. మిగతావి ఒక్కొక్కటిగా

ఆ రెండింటి మధ్య కుదురు వచ్చాక కొన్ని రోజులకొకటి చొప్పున కలపండి. ఎండుగడ్డి ఎంత వేశారన్నది ఒక లెక్క, ఎన్ని కుప్పలు వేశారన్నది అంతకంటే పెద్ద లెక్క. నాలుగు గుర్రాలుంటే కనీసం అయిదు కుప్పలు, కుప్పకూ కుప్పకూ మధ్య రెండు మూడు గుర్రాల పొడవు దూరం. పెద్దది ఒక కుప్ప నుంచి తరిమినా చిన్నదానికి ఇంకోటి మిగులుతుంది. రోజుకు మేత మొత్తం ఒంటి బరువులో 1.5 నుంచి 2 శాతం, అంటే 400 కిలోల గుర్రానికి 6 నుంచి 8 కిలోలు. గుర్రం కడుపులో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది కాబట్టి గంటల తరబడి మేత లేకుండా ఉంచితే పుండ్లు పడతాయి. దాణా మాత్రం విడివిడిగా కట్టేసి పెట్టాలి.

కలిసిపోయాయో లేదో మూపు దగ్గర తెలుస్తుంది. రెండూ ఎదురెదురుగా నిలబడి ఒకదాని మూపు ఒకటి పళ్లతో గోకుతుంటే స్నేహం కుదిరినట్టే. అక్కడ గోకితే గుండె వేగం కూడా తగ్గుతుంది. రెండో గుర్తు పొద్దున్నే చూడాలి. పక్కటెముకల మీద మట్టి, గడ్డిపోచలు అంటుకుని ఉంటే రాత్రి పడుకుందన్న మాట. గుర్రం నిలబడి కునుకు తీయగలదు కానీ గాఢమైన కలల నిద్రకు పడుకోవాల్సిందే. కొత్తది రోజుల తరబడి శుభ్రంగానే ఉండి, నిలబడే తూలుతూ, ముంగాలి కీళ్ల మీద గీరుకుపోయిన మచ్చలు కనిపిస్తే అది భయంతో పడుకోవడం లేదు. పొడి చోటు పెంచండి, లేదా రాత్రిళ్లు ఆ నెమ్మదైన తోడుతో మాత్రమే ఉంచండి.

వృషణాలు తీయించి ఆరు వారాలు కాని మగగుర్రాన్ని ఆడగుర్రాలతో కలపొద్దు. చంటిపిల్ల ఉన్న తల్లి దగ్గరికి కొత్తదాన్ని తేవొద్దు. వారానికోసారి కొత్తదాని పక్కటెముకల మీద చెయ్యి వేసి తడమండి. జుట్టు దట్టంగా ఉంటే చిక్కిపోవడం కంటికి ఆనదు.