తెల్లవారుజామున రొయ్యకు ఊపిరి

వేసవిలో వనామీ రకం రొయ్యల చెరువుకు తెల్లవారుజామున 4 గంటలకే ఆక్సిజన్ కొలిచే మీటరు పట్టుకెళ్తాను. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళకే. 4 పీపీఎం (లీటరు నీటికి 4 మిల్లీగ్రాములు) కిందికి దిగకముందే నీటికి గాలి పట్టించే ఏరేటర్లన్నీ తిరగాలి. దిగాక పెంచుకుందాంలే అనుకోవద్దు. ఊపిరాడక అల్లాడిన కణాలకు మళ్లీ ఆక్సిజన్ అందగానే దేనితోనైనా ఇట్టే చర్య జరిపే ఫ్రీ రాడికల్స్ ఎగదన్ని, కణం పొరలోని కొవ్వును పాడుచేస్తాయి. నిరుడు డీజిల్ అయిపోయి మా జనరేటర్ గంటసేపు ఆగింది. రొయ్య చావలేదు, కానీ వారమంతా మేత సరిగా ముట్టలేదు.

రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్‌ట్రేలోంచి ఒక రొయ్యను వెలుతురుకు పట్టి తలలోని లివర్ చూడండి. ముదురు గోధుమరంగులో నిండుగా ఉండాలి. పాలిపోయి కుంచించుకుంటే ఆ పూట మేత తగ్గించండి. ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునే విటమిన్ సి నీళ్లలో కలిపి మేతకు పట్టించి, నీడలోనే ఆరబెట్టండి. ఎండకు దాని సత్తువ పోతుంది.