నెల్లూరులో ఉండి మహిళల గోల్ఫ్ టోర్నమెంటు చరిత్ర రాయడం ఎలా

ఒక క్రీడా టోర్నమెంటు చరిత్ర రాయమంటే చాలామంది విజేతల జాబితా ఒకటి సంపాదించి, దానికి పైన ఒక పేరా, కింద ఒక పేరా అతికించి పని అయిపోయిందనుకుంటారు. మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ విషయంలో ఈ పద్ధతి అసలే పనికిరాదు. ఆ టోర్నమెంట్ల పేరు, వేదిక, ఆడే రౌండ్ల సంఖ్య, గుర్తింపునిచ్చే టూరు (ఏడాది పొడవునా జరిగే పోటీల వరుసను నడిపే సంస్థ), డబ్బు పెట్టే స్పాన్సరు కొన్నేళ్లకొకసారి మారిపోతూ ఉంటాయి. ఎప్పుడు మారాయో, ఎందుకు మారాయో చెప్పగలిగితేనే అది చరిత్ర అవుతుంది. లేకపోతే పేర్ల పట్టీగా మిగులుతుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ పనికి పూనుకునేవారు సాధారణంగా ప్రాజెక్టు రాసే డిగ్రీ విద్యార్థులో, క్రీడల పేజీకి వ్యాసాలు పంపే విలేకరులో, తెలుగు వికీపీడియాలో రాసే ఔత్సాహికులో అయి ఉంటారు. వారిలో చాలామంది గోల్ఫ్ కోర్సులో అడుగుపెట్టి ఉండరు. అది పెద్ద లోటు కాదు. ఆట ఆడటం రాకపోయినా స్కోరు చదవడం వచ్చి తీరాలి, అంతే. ఈ వ్యాసంలో ఉదాహరణగా మహిళల ఇండియన్ ఓపెన్‌ను తీసుకుంటున్నాను. దీని వివరాలు ఎక్కువగా లభిస్తాయి. చరిత్రకారుడు తడబడే మలుపులన్నీ ఇందులో ఉన్నాయి.

ముందుగా ఏ టోర్నమెంటు చరిత్ర రాస్తున్నారో హద్దులు గీసుకోవాలి. మన దేశంలో మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్‌ను నడిపించే మహిళా గోల్ఫ్ అసోసియేషన్ 2004లో ఏర్పడింది. 2007లో మహిళల ఇండియన్ ఓపెన్ మొదలైంది. దీనికి తోడు దేశంలోని క్రీడాకారిణుల కోసం ఏడాది పొడవునా వేర్వేరు నగరాల్లో జరిగే ప్రొఫెషనల్ టూర్ ఒకటి ఉంది. అందులోని ఒక్కొక్క పోటీని లెగ్ అంటారు. హైదరాబాదులోనూ అలాంటి లెగ్‌లు జరిగాయి. వార్తల్లో ఈ రెండూ చాలా ఏళ్లు ఒకే స్పాన్సరు పేరుతో కనిపించడం వల్ల లెగ్ గెలిచిన క్రీడాకారిణిని ఓపెన్ విజేతగా రాసేసే ప్రమాదం ఉంది. ఓపెన్‌కు ఏటా ఒకటే విజేత ఉంటుంది, విదేశీయులూ ఆడతారు. లెగ్‌లు ఏడాదిలో చాలా ఉంటాయి, వాటి వరుస సంఖ్య ప్రతి కొత్త సీజన్‌కూ మళ్లీ ఒకటితో మొదలవుతుంది. కాబట్టి ఒక నగరంలో జరిగిన లెగ్‌ల చరిత్ర రాయదలచుకుంటే వరుస సంఖ్యను నమ్ముకోకుండా క్లబ్బు పేరునూ తేదీనీ ఆధారం చేసుకోవాలి.

పక్కనే మరో విషయం గుర్తుంచుకోవాలి. పురుషుల ఇండియన్ ఓపెన్ 1964లో మొదలైంది. తొలి విజేత ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ థామ్సన్. మహిళలకు అదే హోదా గల పోటీ రావడానికి మరో 43 ఏళ్లు పట్టింది. ఆ ఎడం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నను మొదటి పేజీలోనే పెట్టాలి. చివర్లో వ్యాఖ్యగా తగిలిస్తే దానికి బలం ఉండదు.

హద్దులు తేలాక వ్యాసం మొదలుపెట్టకూడదు, పట్టిక మొదలుపెట్టాలి. ఒక్కో సంవత్సరానికి ఒక్కో వరుస చొప్పున గీసుకుని ఎడిషన్ సంఖ్య, తేదీలు, కోర్సు, రౌండ్లు, పార్ (నేర్పున్నవారికి పట్టాల్సిన షాట్లుగా కోర్సుకు నిర్ణయించిన సంఖ్య), విజేత, దేశం, స్కోరు, ఎన్ని షాట్ల తేడా, రన్నరప్, గుర్తింపునిచ్చిన టూరు, టోర్నమెంటు పూర్తి పేరు, బహుమతి మొత్తం అన్న గడులు పెట్టుకోవాలి. చివరి గడిలో ఈ వివరం ఎక్కడ దొరికిందో రాసుకోవాలి. ఆ గడి ఖాళీగా ఉన్న ఏ వివరాన్నీ వ్యాసంలోకి రానీయకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం తప్పులు రావు.

ఎడిషన్ సంఖ్య తేలికగా కనిపిస్తుంది గాని చాలామంది బోల్తాపడేది అక్కడే. 2007 నుంచి ఏటా జరిగింది కాబట్టి 2016లోది పదో ఎడిషన్. కానీ టోర్నమెంటు పుట్టి పదేళ్లు నిండింది 2017లో. కోవిడ్ వల్ల 2020, 2021లలో పోటీ జరగలేదు. అంటే 2019లోది పదమూడోదైతే 2022లోది పద్నాలుగోది, 2024లోది పదహారోది. సంవత్సరాల నుంచి తీసివేత చేసి సంఖ్య వేసేవారికి రెండు ఎడిషన్లు ఎక్కువ వస్తాయి. పోటీ జరగని ఏడాదికి కూడా పట్టికలో వరుస ఉంచి, ఎడిషన్ గడిని ఖాళీగా వదిలి, కారణం రాయడం మంచిది.

ఇక స్కోరు. మన ప్రాంతంలో ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి దీన్ని వివరించడం కష్టం కాదు: ఫలానా జత ఇన్ని అడుగులు లాగిందని మాత్రమే చెబితే అక్కడ ఎవరూ తల ఊపరు, బండ బరువెంత, ఇచ్చిన సమయమెంత అని వెంటనే అడుగుతారు. గోల్ఫ్ స్కోరు కూడా అంతే. పార్ ఎంతో, రౌండ్లెన్నో తెలియకుండా అంకె ఒక్కటీ దేనికీ కొరగాదు. 2016లో భారత క్రీడాకారిణి అదితి అశోక్ గెలిచిన స్కోరు 213. 2019లో ఆస్ట్రియాకు చెందిన క్రిస్టీన్ వోల్ఫ్ గెలిచిన స్కోరు 277. గోల్ఫ్‌లో తక్కువ షాట్లు కొట్టినవారే గెలుస్తారన్న సంగతి మాత్రమే తెలిసిన పాఠకుడు 213 చాలా గొప్ప స్కోరని భ్రమపడతాడు. నిజానికి 2016లో ఆడింది మూడు రౌండ్లు, అంటే 54 హోల్స్. రౌండుకు పార్ 72 చొప్పున మొత్తం పార్ 216 కాబట్టి 213 అంటే మూడు తక్కువ. 2019లో ఆడింది నాలుగు రౌండ్లు. మొత్తం పార్ 288 కాబట్టి 277 అంటే పదకొండు తక్కువ. ఈ లెక్క మీరే కాగితం మీద వేసుకోవాలి. పత్రికలో "మూడు అండర్" (పార్ కంటే మూడు తక్కువ) అని ఉండి, మొత్తం స్కోరు దానికి సరిపోకపోతే రెండింటిలో ఒకటి తప్పని అప్పటికప్పుడే తేలిపోతుంది. ఇంతకంటే చౌకైన తనిఖీ మరొకటి లేదు.

అయితే రెండు ఏళ్ల స్కోర్లను పార్‌తో కొలిచాక కూడా వాటిని పక్కపక్కన పెట్టి ఎవరు గొప్పో తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే కోర్సు మారి ఉండవచ్చు. మహిళల ఇండియన్ ఓపెన్ ఎక్కువసార్లు ఢిల్లీ పక్కనున్న గుర్‌గావ్‌లోని డీఎల్‌ఎఫ్ గోల్ఫ్ అండ్ కంట్రీ క్లబ్‌లోనే జరిగింది, మధ్యలో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌కూ వెళ్లింది. డీఎల్‌ఎఫ్‌లోనే మొదట ఆర్నాల్డ్ పామర్ రూపొందించిన కోర్సు ఉండగా, తరువాత గ్యారీ ప్లేయర్ రూపకల్పన చేసిన కోర్సు వచ్చింది. క్లబ్బు అదే అయినా ఆడిన నేల వేరు. ఊరి పేరులోనూ చిక్కుంది: 2016లో గుర్‌గావ్ పేరు గురుగ్రామ్‌గా మారింది. పాత ఎడిషన్ల వార్తలు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకాలి, వ్యాసంలో మాత్రం ఒకే పేరు వాడి మొదటిసారి వచ్చినచోట ఆ మాట చెప్పాలి.

టోర్నమెంటు పేరు మారడాన్ని కూడా అలాగే పట్టుకోవాలి. 2010లో ఇది హీరో హోండా మహిళల ఇండియన్ ఓపెన్. హీరో, హోండా కంపెనీలు విడిపోయి, 2011లో ఆ కంపెనీ హీరో మోటోకార్ప్‌గా మారాక టోర్నమెంటు పేరులోంచి హోండా పోయింది. స్పాన్సరు మారలేదు, స్పాన్సరు పేరు మారింది. ఈ తేడా గమనించనివారు రెండు వేర్వేరు టోర్నమెంట్లని రాసే అవకాశముంది. క్రీడాకారిణుల పేర్లకు తెలుగులో పత్రికకో తీరు రాత ఉంటుంది; తొలి విజేత తైవాన్‌కు చెందిన యానీ త్సెంగ్ పేరును ఒకచోట ఇంటిపేరు ముందు పెట్టి, మరోచోట వెనక పెట్టి రాస్తారు, ఆమె దేశాన్ని ఫలితాల పట్టికల్లో చైనీస్ తైపీ అంటారు. మీకు నచ్చిన రూపం ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడి ఉండండి.

వివరాలు ఎక్కడ వెతకాలన్నది తరువాతి ప్రశ్న. అధికారిక ఫలితాలు టూర్ల వెబ్‌సైట్లలో దొరుకుతాయి గాని అవి ఎముకల గూడు మాత్రమే. ఆ రోజు ఏం జరిగిందో పత్రికలే చెబుతాయి. టోర్నమెంట్లు సాధారణంగా ఆదివారం ముగుస్తాయి కాబట్టి సోమవారం పత్రిక చూడాలి. 2016 పోటీ నవంబరు 13న, ఆదివారం ముగిసింది. కాబట్టి 14వ తేదీ పత్రిక తీయాలి. దానికి ఐదు రోజుల ముందే, నవంబరు 8న, పెద్ద నోట్ల రద్దు ప్రకటన వెలువడింది. ఆ వారమంతా పత్రికల్లో బ్యాంకుల ముందు క్యూలే. పద్దెనిమిదేళ్ల అదితి సొంతగడ్డ మీద సాధించిన విజయానికి తెలుగు పత్రికల్లో ఎంత చోటు దక్కిందో, ఏ పేజీలో దక్కిందో సెంటీమీటర్లతో సహా రాసుకుంటే అది కూడా మీ చరిత్రకు సరుకే. వార్త చిన్నదిగా ఉంటే ఆటకు విలువ లేదన్న నిర్ణయానికి మాత్రం రాకండి.

జిల్లా గ్రంథాలయాల్లో పాత దినపత్రికలు ఎన్నేళ్లవి ఉన్నాయో ముందుగా అక్కడి గ్రంథపాలకుణ్ణి అడిగి తెలుసుకోవాలి. ఒక్కోచోట ఒక్కో పరిస్థితి. నెల్లూరు వారికి చెన్నై దగ్గర కావడం ఈ పనిలో పెద్ద సౌకర్యం. ఎగ్మోర్‌లోని కన్నెమరా గ్రంథాలయం దేశంలో ప్రచురణలన్నిటి ప్రతులూ చట్టప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి. సుమారు మూడు గంటల రైలు ప్రయాణంతో చేరుకోవచ్చు. ఒంగోలు నుంచి బయలుదేరేవారికి ఇంకో రెండు గంటలు ఎక్కువ పడుతుంది. వెళ్లే ముందే మీ పట్టికలో ఖాళీగా ఉన్న గడులకు సంబంధించిన తేదీల జాబితా రాసుకుని వెళ్లాలి. ఊరికే తిరగేద్దామని వెళితే సాయంత్రానికి చేతికి దుమ్ము తప్ప ఏమీ అంటదు. చెన్నై నుంచే వెలువడే క్రీడాపత్రిక స్పోర్ట్‌స్టార్ 1978 నుంచి ఉంది కాబట్టి దాని సంచికలనూ అడగండి.

కాగితాల తరువాత మనుషులు. క్లబ్బు కార్యదర్శులు, ఆటగాళ్ల వెంట గోల్ఫ్ సంచి మోసే క్యాడీలు, రిటైరైన క్రీడా విలేకరులు, ఆడినవారి తల్లిదండ్రులు మాట్లాడటానికి సిద్ధంగానే ఉంటారు. క్యాడీలతో మాట్లాడటం మరిచిపోకండి. ఏ హోల్‌లో గాలి ఎటు వీస్తుందో, ఏ రోజు ఏ క్రీడాకారిణి ఎక్కడ తడబడిందో వారికి గుర్తున్నంతగా ఇంకెవరికీ ఉండదు. అయితే జ్ఞాపకం నుంచి అంకెలు తీసుకోవద్దు. అంకెలు కాగితం నుంచి, కారణాలు మనుషుల నుంచి తీసుకోవాలి. ఫోనులో మాట్లాడితే ముందుగా అనుమతి అడిగి రికార్డు చేసుకోవాలి, తేదీ రాసుకోవాలి.

పట్టిక నిండాక దాన్ని అటూ ఇటూ చదివితే కాలవిభజన దానంతట అదే కనిపిస్తుంది. 2007 నుంచి 2009 వరకు ఇది ఆసియా మహిళల టూర్ స్థాయి పోటీ. 2010లో యూరోపియన్ మహిళల టూర్ గుర్తింపు వచ్చింది, ఆ ఏడాదే ఇంగ్లండ్ దిగ్గజం లారా డేవిస్ గెలిచింది. ఆ మరుసటి ఏడాది స్వీడన్‌కు చెందిన కరోలిన్ హెడ్‌వాల్ గెలిచింది. విజేతల దేశాల గడిని పైనుంచి కిందికి చూస్తే ఆసియా పేర్ల మధ్యలోకి యూరప్ పేర్లు ఎప్పుడు వచ్చి చేరాయో తెలిసిపోతుంది. మూడో దశ కోవిడ్ విరామం తరువాతిది: 2022లో జర్మనీకి చెందిన ఒలీవియా కోవన్, 2023లో అదే దేశానికి చెందిన అలీన్ క్రౌటర్, 2024లో ఇంగ్లండ్‌కు చెందిన లిజ్ యంగ్. అన్ని ఎడిషన్లకూ సమానంగా చోటు ఇవ్వాలన్న నియమం ఏమీ లేదు. కొన్ని ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేయవచ్చు.

2016కు మాత్రం తీరిగ్గా పేజీలు కేటాయించండి. అదితి అశోక్ ఆ ఏడాది జనవరిలోనే ప్రొఫెషనల్‌గా మారింది, ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో ఆడింది, నవంబరులో ఇక్కడ ఒక్క షాట్ తేడాతో గెలిచింది. ఆమె వెనుక రెండో స్థానంలో నిలిచినవారిలో అప్పటికే రెండు మేజర్ (అత్యున్నత స్థాయి) టైటిళ్లు గెలిచిన అమెరికన్ బ్రిటనీ లిన్సికమ్ ఉంది. ఇక్కడ "తొలి భారతీయురాలు" అన్న మాట వాడబోతారు. వాడండి, కానీ దేనిలో తొలి అన్నది పూర్తిగా రాయండి. యూరోపియన్ మహిళల టూర్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమె. "అంతర్జాతీయ గోల్ఫ్‌లో తొలి విజేత" అని సాగదీస్తే తప్పవుతుంది. ప్రొఫెషనల్‌గా మారిన తేదీ ఎందుకు ముఖ్యమంటే, అమెచ్యూర్లు (ఆటను వృత్తిగా చేసుకోనివారు) ఇలాంటి పోటీలో గెలిచినా బహుమతి సొమ్ము తీసుకోరు, అది తరువాతి ప్రొఫెషనల్‌కు వెళుతుంది. కాబట్టి ఏ ఏడాదైనా ఫలితాల్లో పేరు పక్కన అమెచ్యూర్ అన్న గుర్తు ఉంటే పట్టికలో దాన్ని నమోదు చేయాలి. బహుమతి మొత్తాన్ని ప్రకటించిన కరెన్సీలోనే రాయాలి. పదేళ్ల నాటి డాలర్లను ఈ రోజు మారకం రేటుతో రూపాయల్లోకి మార్చి రాయడం మన పత్రికల్లో తరచూ కనిపించే దురలవాటు.

జిల్లా పేజీకి రాసేటప్పుడు ఎలాగైనా మన జిల్లాతో ఒక ముడి వేయాలన్న ఒత్తిడి ఉంటుంది. ముడి లేకపోతే వేయకండి. పాఠకులకు అవసరమైనది పార్ అంటే ఏమిటి, బర్డీ (ఒక హోల్‌ను పార్ కంటే ఒక షాట్ తక్కువలో ముగించడం) అంటే ఏమిటి, రెండు రౌండ్ల తరువాత కట్ పెట్టి వెనకబడినవారిని ఎందుకు తప్పిస్తారు అన్న వివరణ; అది రెండు వాక్యాల్లో మొదట్లోనే ఇచ్చేస్తే మిగతా వ్యాసం ఎవరికైనా అర్థమవుతుంది. ఫొటోల విషయంలో ఇంటర్నెట్‌లో కనిపించిందల్లా దించుకోకుండా నిర్వాహకులకు మెయిల్ పంపి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి, తీసినవారి పేరు వేయాలి.

ప్రచురణకు ముందు ఆట తెలిసిన ఒకరికీ, బొత్తిగా తెలియని ఒకరికీ వ్యాసం చూపించండి. మొదటివారు అంకెలు పట్టుకుంటారు, రెండోవారు ఎక్కడ ఆగిపోయారో మీరు గమనించాలి. ప్రచురించాక పట్టికను పక్కన పడేయకుండా, ఏటా పోటీ ముగిసిన వారంలోపే కొత్త వరుస నింపండి, అదే వారంలో ఫలితాల పేజీని కాగితం మీద ముద్రించి దాచుకోండి. వెబ్‌సైటు రూపం మార్చినప్పుడల్లా పాత ఫలితాల లింకులు పనిచేయడం మానేస్తాయి.