డబుల్ పెడల్‌పై ఎడమ కాలు వెనకబడుతుంటే

డ్రమ్ సెట్‌లోని పెద్ద బేస్ డ్రమ్‌ను రెండు కాళ్లతో కొట్టేందుకు వాడే డబుల్ పెడల్ వాయించేటప్పుడు కుడి కాలు సాఫీగా సాగుతున్నా, ఎడమ కాలు నిమిషం తిరగకముందే బిగుసుకుపోయి దెబ్బలు ఎగుడుదిగుడుగా పడుతుంటాయి. మెట్రోనోమ్‌ను (సమాన వ్యవధిలో టిక్ టిక్ మంటూ లయ చూపే పరికరం) నిమిషానికి 80 బీట్ల వద్ద ఉంచి, బీట్‌కు రెండు దెబ్బల చొప్పున ముందుగా ఎడమ కాలితో 2 నిమిషాలు, తర్వాత కుడి కాలితో 1 నిమిషం వాయించి, కాసేపు ఆగి, రెండు కాళ్లనూ మార్చి మార్చి వాడుతూ బీట్‌కు నాలుగు దెబ్బల చొప్పున మరో 3 నిమిషాలు కొనసాగించాలి. ఒక్కో కాలికి పడే పని అప్పుడూ అంతే. ఫోన్‌లో రికార్డు చేసి విన్నప్పుడు దెబ్బలన్నీ సమానంగా ఉంటేనే వేగాన్ని 4 బీట్లు పెంచాలి (వాయిస్తూ ఉండగా ఈ తేడా చెవికి సరిగా అందకపోవచ్చు). అయితే తొడ బలంతో కాలు మొత్తం ఎత్తి కొట్టే అలవాటు ఉంటే, వేగం పెరిగేకొద్దీ ఈ సాధన ఒకచోట ఆగిపోతుంది. చీలమండ కదలికను విడిగా నేర్చుకోవాల్సిందే. మోకాలి కింద కాలి ముందువైపు ఎముక వెంట నొప్పి మొదలైతే ఆ పూటకు ఆపివేయాలి.