ఒంటరిగా నెగ్గిన మిషన్ జట్టుతో ఎందుకు ఓడిపోతోంది?

జట్టుగా ఆడే షూటర్ వీడియో ఆటల్లో చిక్కు రెండు వైపులా వస్తుంది. ఒంటరిగా అవలీలగా దాటిన చోట నలుగురూ కలిసి కూలిపోతారు. నలుగురితో సాఫీగా సాగిన మిషన్, ఒంటరిగా వెళ్తే అయిదు నిమిషాలకే ముగిసిపోతుంది. చాలామంది వెంటనే తుపాకీ మారుస్తారు. నేను మాత్రం ముందు ఒక్కటి చూసుకోమంటాను: మీరు పడిపోతే లేపేది ఎవరు?

సమస్య: ఒంటరిగా ఆడుతుంటే ఒక్క శత్రువు పట్టుకోగానే ఆట అయిపోతోంది.

కారణం: జట్టు నుంచి విడిపోయినవారిని పట్టడానికే కొందరు శత్రువులను పెట్టారు. 2009లో వచ్చిన లెఫ్ట్ 4 డెడ్ 2 ఆటలో హంటర్ అనే జాంబీ మీదికి దూకిందంటే మీ చేతిలో ఎంత మంచి తుపాకీ ఉన్నా పనికిరాదు. పక్కవారు దాన్ని నెట్టేయాలి, లేదా చంపాలి. ఒంటరి ఆటలో ఆ పక్కవారు మూడు బాట్లే, అంటే కంప్యూటర్ నడిపే పాత్రలే. మీరు ముందుకు పరుగెత్తితే అవి వచ్చి చేరేలోపు ప్రాణం సగం కరిగిపోతుంది. మీరు చనిపోతే, అవి బతికే ఉన్నా ఆట అక్కడితో సరి.

పరిష్కారం: తలుపు తీసే ముందు వెనక్కి తిరిగి, బాట్లు వచ్చాయో లేదో చూడండి. హంటర్ గుర్రుమంటే ఆగి, వాటి మధ్యకు వెళ్లండి. పైప్ బాంబులు, మొలటోవ్‌లు (నిప్పు సీసాలు) బాట్లు విసరవు కాబట్టి ఆ పని మీదే.

సమస్య: జట్టులో చేరగానే తూటాలు చాలడం లేదు.

కారణం: ఎక్కువ మందిని తికమక పెట్టేది ఇదే. గుహల్లో ఖనిజాలు తవ్వుతూ శత్రువులతో పోరాడే డీప్ రాక్ గెలాక్టిక్ ఆటనే తీసుకోండి. నైట్రా అనే ఖనిజం 80 తవ్వితే సరఫరా పెట్టెను రప్పించుకోవచ్చు. అందులో నాలుగు వాటాలు. ఒక్కో వాటా సగం తూటాలు నింపుతుంది. ఒంటరిగా ఉంటే నాలుగూ మీవే, అంటే రెండుసార్లు నిండుగా నింపుకోవచ్చు. నలుగురు ఉంటే మనిషికి ఒక్కటే. పైగా ఆటగాళ్లు పెరిగే కొద్దీ శత్రువులూ పెరుగుతారు. ఒంటరి ఆట నేర్పిన చేయి తెలియకుండానే రెండో వాటా అందుకుంటుంది. మూల నుంచి పరుగున వచ్చిన నాలుగో ఆటగాడికి ఖాళీ పెట్టె కనిపిస్తుంది. తర్వాతి గుంపు వచ్చినప్పుడు ముందుగా పడిపోయేది అతనే, అతన్ని లేపబోయి ఇంకొకరు పడతారు.

పరిష్కారం: ఒక వాటా తీసుకుని పక్కకు జరగండి. తూటాలు నిండుగా ఉన్నవారు తమ వాటాను గన్నర్‌కు (భారీ తుపాకులు వాడే పాత్రలో ఉన్నవారికి) వదిలితే ఇంకా మంచిది. దారిలో ఎర్రటి నైట్రా కనిపిస్తే దాటిపోకుండా తవ్వండి. ఎత్తున ఉన్న ఖనిజాన్ని ఒంటరి ఆటలో తోడుండే బాస్కో డ్రోన్‌కు లేజర్‌తో చూపిస్తే చాలు, అదే వెళ్లి తవ్వుతుంది. జట్టులో బాస్కో ఉండదు. అదే లేజర్‌తో ఆ ఖనిజాన్ని ఇంజినీర్ పాత్రలో ఉన్న ఆటగాడికి చూపండి. అతను కింద చిన్న వేదిక కడతాడు, స్కౌట్ పాత్రలో ఉన్నవాడు కొక్కెంతో ఎగిరి దాని మీద నిలబడి తవ్వుతాడు. మైకు లేకపోయినా ఇదంతా జరుగుతుంది.

సమస్య: తూటా తగిలినట్టే ఉంటుంది, శత్రువు చావడు.

కారణం: ఇది తరచుగా నెట్‌వర్క్ ఆలస్యం. డీప్ రాక్‌లో ఆట ఒక ఆటగాడి కంప్యూటర్ మీదే నడుస్తుంది. అతని కనెక్షన్ బలహీనమైతే అందరికీ తడబాటే. అతను మధ్యలో వెళ్లిపోతే మిషన్ కూడా పోతుంది.

పరిష్కారం: మీలో స్థిరమైన కనెక్షన్ ఉన్నవారు, చివరిదాకా ఉండగలిగినవారు ఆటను తెరవాలి. వైఫై బదులు కేబుల్ పెట్టి చూడండి.